చిన్న సాయాలు, ఈ పూట సంతోషం: మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు చెప్పండి

నాగావళి గట్టు (శ్రీకాకుళం) · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

మన వైపు ఏ ఇంట్లో చూసినా సంతోషం వాయిదాల మీదే నడుస్తోంది. పిల్లాడికి ఉద్యోగం రానీ, అమ్మాయి పెళ్లి కానీ, ఇంటి లోను తీరనీ, చెన్నై వదిలేసి ఊళ్లో రెండు గదులు వేసుకోనీ, అప్పుడు హాయిగా ఉందాం అంటాం. ఒకటి తీరేసరికి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. మా నాన్నగారు రిటైరయ్యాక కాశీ, రామేశ్వరం తిరగాలనుకున్నారు. తీరా రిటైరయ్యేసరికి మోకాళ్లు సహకరించలేదు. ఆయన మొహంలో నేను నిజమైన సంతోషం చూసింది మాత్రం సాయంత్రం పూట, వీధి అరుగు మీద కూర్చుని పక్కింటి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేటప్పుడు.

ఎవరికైనా చిన్న పని చేసిపెట్టిన రోజు నాకు రాత్రి నిద్ర బాగా పడుతుంది. మిగతా వాళ్లకూ ఇలాగే ఉంటుందా అని తెలుసుకోవాలనుంది. పెద్ద విరాళాల సంగతి వద్దు. మీరు రోజూ చేసేది, లేకపోతే మీకు ఎవరైనా చేసింది చెప్పండి. ఆ కాసేపు మీ మనసెలా ఉందో కూడా రాయండి.

పాత పోస్టుమాస్టరు (విజయనగరం) · రాత్రి 9:15

బాగా అడిగారు బాబూ. నేను తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. ప్రతి నెలా మొదటి వారం పొద్దున్నే ఇక్కడ ఒక బ్యాంకుకి వెళ్లి బల్ల మీద కూర్చుంటాను. నాకు అక్కడ సొంత పనేమీ లేదు. జేబులో రెండు పెన్నులు, కళ్లజోడు ఉంటాయి. డబ్బులు తీసే ఫారం రాసుకోవడం రానివాళ్లు నా దగ్గరికి వస్తారు.

మొన్న ఒక పెద్దావిడ వచ్చింది. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు, ఆసుపత్రి చీటీ మూడూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి, కొంగున ముడేసుకుంది. "ఎంత రాయమంటావమ్మా?" అంటే చుట్టూ ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. లైన్లో వెనక కోడలి తరఫు వాళ్లున్నారట. అంకెల్లో రాశాను, అక్షరాల్లో రాశాను, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో పెన్నుతో చిన్న చుక్క పెట్టాను. ముద్ర వేసి, వేలికంటిన సిరా తలకు రాసేసుకుంది. తర్వాత "ఇంకెంత ఉందో సూడు బావూ" అంది. పాస్‌బుక్కులో పడ్డ నిలవ చదివి, ఆవిడకి మాత్రమే వినబడేలా చెప్పాను. ఎవరి డబ్బు సంగతి వాళ్లకే తెలియాలి. పోస్టాఫీసులో ఉన్నన్నాళ్లూ నేను పాటించింది అదే.

ఫారంలో ఒక అంకె తేడా వస్తే కౌంటరు దగ్గర వెనక్కి పంపేస్తారు. ఆవిడ మళ్లీ లైను చివర నిలబడాలి. అందుకని రాసేటప్పుడు ఇంకో ఆలోచన రానివ్వను. నా షుగరు, మా అబ్బాయి ఫోను చెయ్యకపోవడం, ఇంటి గోడ బీటలు, ఏవీ గుర్తుండవు. మీరడిగిన సంతోషం నా మటుకు నాకు అక్కడే దొరుకుతోంది.

రోడ్ స్టేషన్ ఆటో (ఆమదాలవలస) · రాత్రి 9:52

సార్ చెప్పింది నిజం. నాది సర్వీసు ఆటో. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది మా ఆమదాలవలసలో, టౌనుకి పది కిలోమీటర్ల పైనే ఉంటుంది. రాత్రి బళ్లు దిగేది ఎక్కువ మంది చెన్నై, హైదరాబాదు పనులకెళ్లి వచ్చేవాళ్లే. సంచులు, బకెట్లు, నిద్రలో ఉన్న గుంటలు (పిల్లలు).

మెయిన్ రోడ్డు మీద దింపేస్తే నా బాధ్యత అయిపోయినట్టే. కానీ ఆడవాళ్లు ఒంటరిగా ఉంటే సందు చివరిదాకా వెళ్తాను. దింపాక హెడ్‌లైటు వాళ్ల గుమ్మం మీద పడేలా బండి ఆపుతాను. తాళం తీసి, లోపల లైటు వేసి, గడియ పెట్టిన చప్పుడు వినబడ్డాకే బండి తిప్పుతాను. దీనికి ఎగస్ట్రా అడగను. మా ఇంటావిడ మొదట్లో ఆయిలు దండగ అనేది. మా అమ్మాయి విశాఖలో హాస్టల్లో ఉండి చదువుతోంది, రాత్రి పూట ఆటో ఎక్కాల్సి వస్తే దానికీ ఇలా ఎవరో ఒకరు ఆగాలి కదా అన్నాను. ఇప్పుడు ఆవిడే అడుగుతుంది, ఇవాళ ఎవరినైనా దింపావా అని.

గరివిడి ఇంజినీరు (గరివిడి) · రాత్రి 10:30

అందరి మాటా గౌరవంతోనే చదివాను. నాకు రెండు అభ్యంతరాలున్నాయి, మనసులో దాచుకోకుండా చెప్తున్నాను.

ఒకటి. బ్యాంకులో ఫారం రాసిపెట్టే మనిషిని బ్యాంకే పెట్టాలి. రాత్రి బండి దిగిన ఆడపిల్లకు వీధి దీపం మున్సిపాలిటీ వెయ్యాలి. మంచివాళ్లు ఆ ఖాళీలు పూడ్చుకుంటూ పోతే అడగాల్సిన వాళ్లను ఎవరూ అడగరు. రెండోది, నా సంతోషం కోసం ఇంకొకరికి సాయం చెయ్యడం అంటే అది సాయమా? అవతలి మనిషి అవసరం నా మనశ్శాంతికి మందు అయిపోతే నాకు ఇబ్బందిగా ఉంటుంది. మన పెద్దవాళ్లు ధర్మం అన్నారే గానీ, దాని వల్ల హాయిగా ఉంటుంది కాబట్టి చెయ్యమనలేదు.

రాజాం అప్ప (రాజాం) · రాత్రి 10:58

ఇంజినీరు గారూ, వీధి దీపం గురించి అర్జీ పెట్టండి, నేనూ సంతకం పెడతాను. అది వెలిగేదాకా ఆ పిల్ల చీకట్లో నిలబడాలా?

రెండో మాటకి వద్దాం. మా అమ్మ కాలంలో పక్కింటి నుంచి గిన్నెలో కూర వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పప్పో, చారెడు పంచదారో, పెరట్లో నాలుగు వంకాయలో వేసి పంపేవాళ్లు. సారె వచ్చిందంటే సున్నుండలు, చలిమిడి వీధి వీధంతా పంచాల్సిందే. అప్పుడు ధర్మం వేరు, సంతోషం వేరు అని ఎవరూ విడదీసి చూడలేదు. పంచిపెట్టి వచ్చిన పిల్లల మొహాలు వెలిగిపోయేవి. మేమే ఆ పిల్లలం. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఎదురు తలుపు వాళ్ల పేరు తెలుసుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. పనసపొట్టు కూర చేసినప్పుడు ధైర్యం చేసి ఒక డబ్బాలో పెట్టి ఇచ్చాను. ఒడియా వాళ్లు. నాలుగు రోజుల తర్వాత అదే డబ్బాలో అరిసెలు వచ్చాయి, వాళ్ల పద్ధతిలో చేసినవి. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం మేడ మీద వడియాలు ఎత్తుకుంటూ కూర్చుంటాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. దయ అనగానే ఇళ్లల్లో అది ఆడవాళ్ల డ్యూటీ అయిపోతుంది. మా అత్తగారు మంచం మీద ఉన్నారు. ఆవిడకి నేను చేసేది ఎవరూ సాయం అనరు, కోడలి పని అంటారు. నాకు విసుగు వచ్చే రోజులు చాలా ఉంటాయి. అయినా ఆవిడకి తల దువ్వేటప్పుడు మాత్రం తొందరపడను. చిక్కు తీస్తూ పాయలు విడదీస్తుంటే కళ్లు మూసుకుని మా మావగారి ఊరి తంపటి వంట గురించి చెప్తారు. ఆ పది నిమిషాలూ నాకు కూడా విశ్రాంతే. మా ఆయన చేత కూడా ఈ పని చేయిస్తున్నాను. మొదట చెయ్యి వణికింది. ఇప్పుడు ఆదివారాలు ఆయన వంతు. ఈ చర్చలో ఉన్న మగవాళ్లందరినీ అడుగుతున్నాను, బయట వాళ్లకు సాయం చేసే ముందు ఇంట్లో ఎవరికి విశ్రాంతి కావాలో చూడండి.

చీపురుపల్లి మానస (విశాఖలో చదువు) · రాత్రి 11:20

నేను సైకాలజీ పీజీ చేస్తున్నాను. ఇంజినీరు గారి రెండో ప్రశ్న మీద నిజంగానే పరిశోధనలు జరిగాయి, తెలిసినంత చెప్తాను.

కెనడాలో ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, అమెరికాలో మైకేల్ నార్టన్ కలిసి చేసిన అధ్యయనం 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. పొద్దున్న కొందరి చేతికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. సగం మందిని సాయంత్రం ఐదులోపు తమ కోసం ఖర్చు పెట్టుకోమన్నారు, సగం మందిని ఇంకొకరి కోసం పెట్టమన్నారు. సాయంత్రం అడిగితే ఇంకొకరికి పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. ఐదా, ఇరవయ్యా అన్నదానితో తేడా రాలేదు. ఈ ప్రయోగంలో లేని వేరే వాళ్లను "ఎవరు ఎక్కువ సంతోషంగా ఉంటారు?" అని అడిగితే, ఎక్కువ మంది తమ మీద ఖర్చు పెట్టుకున్నవాళ్లే అన్నారు. అంటే మన అంచనాయే సరిగ్గా ఉండదన్నమాట.

ఇంకోటి 2010లో వచ్చింది, కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ చేసింది. 2,250 మంది పెద్దవాళ్లను ఫోన్ ద్వారా రోజులో ఎప్పుడు పడితే అప్పుడు అడిగారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీద ఉందా, ఎలా ఉన్నారు అని. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు ఎటో పోయినప్పుడు సంతోషం తగ్గింది. పోస్టుమాస్టరు గారూ, ఫారం రాసేటప్పుడు ఇంకో ఆలోచన రాదు అన్నారు కదా, నాకు వెంటనే ఇదే గుర్తొచ్చింది. ఎదుటి మనిషి పని మన చేతిలో ఉన్నప్పుడు మనసుకి నిన్నటి దగ్గరికో రేపటి దగ్గరికో పోయే తీరిక ఉండదు.

ఇక, అవతలి మనిషి మన మనశ్శాంతికి పనిముట్టు అవుతాడా అన్న సందేహం. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి షికాగోలో చలికాలం, ఐస్ మీద స్కేటింగ్ చేసే చోట జరిగింది. వచ్చినవాళ్లకు వేడి చాక్లెట్ కప్పు ఇచ్చి, కావాలంటే అక్కడున్న తెలియని మనిషికి ఎవరికైనా ఇవ్వండి అన్నారు. ఇచ్చినవాళ్లు "ఏముంది, ఒక కప్పే కదా" అనుకున్నారు. అందుకున్నవాళ్లు దానికి ఇచ్చిన విలువ వీళ్లు ఊహించినదానికంటే చాలా ఎక్కువ. చిన్న సాయం చెయ్యడానికి మనం వెనకాడేది ఇందుకే, అవతలి వాళ్లకు అదెంతో మనం తక్కువగా లెక్కేసుకుంటాం.

ఒక్క జాగ్రత్త. ఇవన్నీ మామూలు రోజుల దిగులుకి సంబంధించినవి. నిద్ర, ఆకలి పోయి, రెండు వారాలకు మించి దేని మీదా మనసు నిలవకుండా ఉంటే, సాయాలు చేస్తే పోతుందిలే అనుకోకండి. డాక్టరుకి చూపించుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోను చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

గరివిడి ఇంజినీరు (గరివిడి) · రాత్రి 11:41

మంచి వివరణ అమ్మా. ఆలోచిస్తాను. బ్యాంకు విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను. పోస్టుమాస్టరు గారు ఒప్పుకుంటే, ఫారాలు రాయడానికి ఒక సహాయ కౌంటరు పెట్టమని నేనే అర్జీ తయారు చేస్తాను.

పాత పోస్టుమాస్టరు (విజయనగరం) · ఆదివారం ఉదయం 5:50

తప్పకుండా రాయండి. నేనూ సంతకం పెడతాను. కౌంటరు వచ్చినా నేను వెళ్తూనే ఉంటాను.

ఉద్దానం బిడ్డ (సోంపేట వైపు) · ఉదయం 7:30

నేను పుచ్చుకున్న వైపు నుంచి రాస్తాను. ఇక్కడ అందరూ ఇచ్చిన వైపు నుంచే రాస్తున్నారు.

మా ఉద్దానం సంగతి మీకందరికీ తెలుసు. కొబ్బరి, జీడి, పనస తోటలు ఎంత చెప్పుకుంటారో కిడ్నీ జబ్బు గురించీ అంతే చెప్పుకుంటారు. మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు మెషీను మీద ఉంటారు. వెళ్లడం, రావడం, సూది దిగిన చోట రక్తం ఆగేదాకా కూర్చోవడం, అంతా కలిపితే ఒక పగలు పోతుంది. నేను బెంగళూరులో పని చేసేటప్పుడు మా వీధిలో జీడిపప్పు కొట్టే ఆయన ఒకరు తన బండి మీద నాన్నని తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. మా కులం కాదు, చుట్టం కాదు. అతని పనికి గంటల లెక్కన కూలి. నాన్న కోసం ఆగితే ఆ గంటలు పోయినట్టే.

నేను ఇంటికి వచ్చాక ఒకసారి వాళ్లతో పాటు వెళ్లాను. మెషీను పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన మా నాన్నతో ఏం మాట్లాడతాడో విన్నాను. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతొచ్చిందని అడగలేదు. ఎలా ఉంది ఒంట్లో అని అడగలేదు. "ఈ ఏడు జీడి పిక్కల రేటు పడిపోయింది పెదనాన్నా, మీ తోటైతే ఎంతకమ్మేవోడివి?" అన్నాడు. మా నాన్న నాలుగు గంటలూ జీడి తోట గురించి చెప్పారు. రోగిగా కాకుండా రైతుగా మాట్లాడారు. ఇంటికొచ్చాక అన్నం అడిగి పెట్టించుకున్నారు.

మా వాళ్లను చూడటానికి వచ్చే వాళ్లందరికీ చేతులెత్తి చెప్తున్నాను. జాలిగా చూడకండి. పంట గురించి అడగండి, క్రికెట్ గురించి అడగండి, పాత గొడవలుంటే అవీ తవ్వండి.

తిత్లీ తుపాను అప్పుడు కూడా చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున కొట్టింది. పొద్దున్న లేచేసరికి కొబ్బరి చెట్లన్నీ రోడ్డుకి అడ్డంగా ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, నీళ్లు లేవు. పక్క ఊరి కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని వచ్చి దారి చేశారు. జనరేటరు ఉన్న ఒకాయన దాన్ని ట్రాక్టరు మీదకెక్కించి వీధి వీధీ తిప్పి ట్యాంకులు నింపాడు. సర్వం పోగొట్టుకున్న రోజులవి. అయినా ఆ ట్రాక్టరు వచ్చే చప్పుడు వినబడితే బిందెలు పట్టుకుని ఎదురు వెళ్తూ జనం నవ్వుకునేవారు. అది నేను కళ్లారా చూశాను.

నాగావళి గట్టు (శ్రీకాకుళం) · ఉదయం 8:05

బిడ్డా, ఏం రాశావు! "రోగిగా కాకుండా రైతుగా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

పొందూరు నూలు (పొందూరు) · ఉదయం 9:10

మా అమ్మ, ఆవిడ తోటివాళ్లు ఖాదీ నూలు వడుకుతారు. మా ఊరి సన్న నూలు గురించి వినే ఉంటారు. దూది ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దాని పళ్లతో నెమ్మదిగా దువ్వుతూ గింజకంటిన పీచు సాఫు చేస్తారు. చెయ్యి కొంచెం గట్టిగా పడితే పోగు తెగుతుంది. మనసు ఎటో ఉంటే చెయ్యి గట్టిగానే పడుతుంది. మానస గారు చెప్పిన ఆ 47 శాతం మా అమ్మ దగ్గర చెల్లదు, అలా పోతే నూలు రాదు.

అమ్మ పక్కన కూర్చునే ఒక మామ్మకి చూపు తగ్గింది. తెగిన పోగు కలపడం ఆవిడకి కష్టం. అమ్మ తన రాట్నం ఆపి, ఆవిడ పోగు కలిపి, మళ్లీ తన దాని దగ్గరికి వస్తుంది. కూలి నూలును బట్టి వస్తుంది కాబట్టి ఆగిన ప్రతిసారీ అమ్మకు నష్టమే. ఎందుకమ్మా అంటే, "ఆవిడ మానేస్తే ఇంటి దగ్గర ఒక్కర్తీ గోడకేసి చూస్తూ కూర్చోవాలి" అంది. పని మధ్యలో ఇద్దరూ చోడి (రాగి) అంబలి తాగుతారు, ఉల్లిపాయ నంజుకుని. నేను టౌనులో తిన్న ఏ భోజనం కంటే కూడా వాళ్లు దాన్ని ఇష్టంగా తాగుతారు.

వేదిక నిర్వాహకులు · ఉదయం 9:40

ఒక సభ్యుడు దుప్పట్లు పంచుతున్న ఫోటో పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ అందుకుంటున్న వాళ్ల మొహాలు స్పష్టంగా కనబడుతున్నాయి కాబట్టి తీసేశాం. సాయం పొందినవాళ్ల ఫోటోలు, పేర్లు ఇక్కడ పెట్టవద్దు. రాతలో చెప్పండి.

టెక్కలి టీచరు (టెక్కలి) · ఉదయం 10:25

నిర్వాహకులకు ధన్యవాదాలు. మొహాల సంగతి నేనూ చెప్దామనుకున్నాను.

మా బడిలో సంక్రాంతికి ముందు పిల్లలు వరి కంకుల కుచ్చులు కట్టి వరండా చూరుకి వేలాడదీస్తారు, పిచ్చుకల కోసం. కొత్త ధాన్యంలో మొదటి వంతు వాటిదే అన్నది ఇళ్లల్లో చూసి నేర్చుకున్నారు. మా పక్కనే తేలినీలాపురం ఉంది కదా. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్లు పెడతాయి. అవి వస్తే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం. గూట్లోంచి పిల్ల కింద పడితే కాపాడి అటవీ సిబ్బందికి చెప్తారు. మా పిల్లలను అక్కడికి తీసుకెళ్తే, ఇంట్లో ఒక్క నిమిషం నిలబడని వాళ్లు గంటసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డారు.

నాకు వేరే పని మీద మీ సాయం కావాలి. సాయంత్రం వివరంగా రాస్తాను.

లైబ్రరీ మేడ (విజయనగరం) · మధ్యాహ్నం 2:15

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ని, మొదటిసారి రాస్తున్నాను. డిగ్రీ అయ్యింది. గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. పొద్దున్న లైబ్రరీకి వెళ్తే రాత్రికి వస్తాను. ఊరికి వెళ్తే "ఏటి బావు, ఇంకా అవ్వలేదా?" అంటారు. అందుకని వెళ్లడం తగ్గించాను. నాన్న మేస్త్రీ పని చేసి పంపే డబ్బుతో గది అద్దె కడుతున్నాను. మీరంతా ఈ రోజు సంతోషంగా ఉండాలంటున్నారు. నా రోజులన్నీ రిజల్టు కోసమే. ఇంకొకరికి ఇవ్వడానికి నా దగ్గర ఏముందో నాకు నిజంగా అర్థం కావడం లేదు. టీ డబ్బులు కూడా లెక్కే.

రాజాం అప్ప (రాజాం) · మధ్యాహ్నం 2:40

తమ్ముడూ, ముందు ఇవాళ మీ అమ్మకి ఫోను చెయ్యి. రిజల్టు గురించి కాదు. ఏం వండిందో అడుగు. ఊరికి వెళ్లడం మానెయ్యకు. అడిగేవాళ్లు రెండు రోజులు అడిగి ఊరుకుంటారు, అమ్మ మాత్రం రోజూ ఎదురు చూస్తుంది.

నెల్లిమర్ల రక్తదాత (నెల్లిమర్ల) · మధ్యాహ్నం 3:05

తమ్ముడూ, డబ్బు లేకుండా ఇవ్వగలిగింది ఒకటి నేను చెప్తాను. వయసు 18 దాటి, బరువు 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్లూ. వేసవిలో కాలేజీలు మూసేస్తే శిబిరాలు తగ్గిపోతాయి, అప్పుడే కొరత. ప్లేట్‌లెట్లు అయితే ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, డెంగీ రోజుల్లో పరుగులే.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. తిని, నీళ్లు తాగి వెళ్లు. ఇచ్చాక పది పదిహేను నిమిషాలు పడుకో. పరీక్ష ముందు రోజు మాత్రం ఇవ్వకు. నేను మొదటిసారి ఇచ్చినప్పుడు నా రక్తం ఎవరికి వెళ్లిందో ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. ఆ సాయంత్రం బజారులో ఎదురైన ప్రతి పిల్లాణ్నీ ప్రేమగా చూశాను.

పాత పోస్టుమాస్టరు (విజయనగరం) · సాయంత్రం 4:20

లైబ్రరీ మేడ నాయనా, నువ్వు ఉన్న ఊళ్లోనే నేనూ ఉన్నాను. నీకు చదవడం, రాయడం వచ్చు. బ్యాంకులో నా పక్కన కూర్చునేవాళ్లకి రానివి అవే. నెల మొదట్లో ఒక పూట వస్తానంటే సంతోషం. రాలేకపోతే చదువుకో, అందులో తప్పేమీ లేదు. మీ నాన్న పంపేది నువ్వు చదవడానికే.

టెక్కలి టీచరు (టెక్కలి) · సాయంత్రం 6:00

పొద్దున్న చెప్పిన విషయం ఇది. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. చూపు పూర్తిగా లేదు. సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఎప్పుడూ వచ్చే సహాయ లేఖకురాలికి పెళ్లి కుదిరింది, ఈసారి రాలేనంది.

సహాయ లేఖకులంటే, అమ్మాయి జవాబు చెప్తుంటే పేపరు మీద రాయాలి. తమ సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. వచ్చేవాళ్ల చదువు, పరీక్ష రాసేవాళ్ల చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి. అంటే ఇంటర్ వాళ్లు కావాలి. గంటకి ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు, కాబట్టి మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు కూర్చోవాలి. ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చదివి వినిపించాలి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం) · సాయంత్రం 6:25

మా అన్నయ్య గారి అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఇక్కడే డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఉంటుంది. చేతిరాత బాగుంటుంది. ఇప్పుడే అడిగాను, వస్తానంది. కాలేజీలో అనుమతి కాగితాలు ఏం కావాలో వేదిక సందేశంలో పంపండి టీచరు గారూ. రోజూ నేనే తీసుకెళ్లి తీసుకొస్తాను.

టెక్కలి టీచరు (టెక్కలి) · సాయంత్రం 6:40

చాలా సంతోషం. పంపుతున్నాను. ఇంకోటి కూడా ఉంది. ఆ అమ్మాయికి ఎకనామిక్స్ పుస్తకం వినడానికి దొరకలేదు. ఫోనులో పుస్తకం ఫోటో తీసి చదివించే యాప్ తెలుగు అక్షరాల దగ్గర తడబడుతోంది. ఎవరైనా గట్టిగా చదివి రికార్డు చేసి పంపితే వింటుంది.

లైబ్రరీ మేడ (విజయనగరం) · రాత్రి 7:30

మేడమ్, నా డిగ్రీలో ఎకనామిక్స్ ఉంది. గ్రూప్స్‌కి కూడా అదే చదువుతున్నాను. ఎలాగూ చదవాలి కాబట్టి గట్టిగా చదివి రికార్డు చేస్తాను. అమ్మకి ఫోను చేశాను అప్పా, ఆనపకాయ కూర చేసిందట.

మేడమ్, ఒక అనుమానం. పుస్తకంలో రేఖాచిత్రాలు ఉంటాయి కదా, వాటిని ఎలా చదవాలి?

టెక్కలి టీచరు (టెక్కలి) · రాత్రి 7:45

మంచి ప్రశ్న. "ఇక్కడ చూడండి", "ఇలా పోయింది" అనొద్దు. ముందు నిలువు గీత మీద ఏముందో చెప్పు, తర్వాత అడ్డ గీత మీద ఏముందో చెప్పు. ఆ తర్వాత రేఖ ఎక్కడ మొదలై ఎటు దిగుతుందో చెప్పు. రెండు రేఖలు కలిసే చోటుకి ఏ అక్షరం పెట్టారో చెప్పి, అది ఏ ధర దగ్గరో, ఎంత పరిమాణం దగ్గరో చెప్పు. ఆ అమ్మాయి అట్ట మీద దారం అంటించుకుని వేలితో తడిమి చూసుకుంటుంది. కొంచెం ఆగి ఆగి చెప్పు.

గరివిడి ఇంజినీరు (గరివిడి) · రాత్రి 8:02

తమ్ముడూ, రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపెయ్యి, కిటికీ వెయ్యి. ఫోను నోటికి జానెడు దూరంలో పెట్టుకో. ఒక్కో అధ్యాయం వేరే ఫైలుగా ఉంచు, మొదట్లో అధ్యాయం పేరు, పేజీ నంబరు చెప్పు, వెతుక్కోవడం తేలిక. వెనక చప్పుళ్లు తీసేసి సాఫు చేసే పని నాకు పంపు, నేను చేస్తాను. దారం అంటించిన చిత్రాలు కూడా కావాలంటే మా వర్క్‌షాపులో పలచటి షీటు మీద గీతలు పైకి ఉబ్బేలా చేసిపెడతాను, కొలతలు చెప్పండి టీచరు గారూ.

లైబ్రరీ మేడ (విజయనగరం) · రాత్రి 8:10

సరే అన్నా. డిమాండ్ రేఖ అధ్యాయంతో మొదలుపెడుతున్నాను. పక్క గది వాళ్లు పడుకున్నాక పదిన్నరకి రికార్డు చేస్తాను, రేపు పొద్దున్నకి మొదటి ఫైలు మీకు వస్తుంది.